వెంకటనారాయణ ట్రయల్ పడవ

వెంకటనారాయణకు ఏ పనీ పూర్తయిందని ఒప్పుకునే అలవాటు లేదు. ఇల్లు కట్టి, అందులో పిల్లల పెళ్ళిళ్లు కూడా చేశాడు గానీ, అడిగితే "ఇంకా ట్రయల్ల ఉన్నది" అంటాడు. "సోమమ్మతో కాపురం కూడా ట్రయలేనా?" అని కుంట ఊరి బజారులో కొట్టు రాంబాబు వేళాకోళం చేస్తే, కాస్త ఆలోచించి "ఇప్పటిదాకైతే బాగనే నడుస్తాంది" అన్నాడట మహానుభావుడు. ఆ పూట సోమమ్మ మొగుడికి ఉప్పు లేని కూర వడ్డించింది.

అలాంటి మనిషి మోటారు పడవ కట్టాడు. శబరి ఒడ్డున, సొంత పెరట్లో, సొంత చేతులతో. పొలంలో నీళ్లు తోడే డీజిల్ ఇంజిను ఊడబీక్కొచ్చి బిగించాడు. దంతెవాడలో పాత జీపు సీటు ఒకటి సంపాదించి ముందు వేశాడు. నీళ్లలోకి దించిన రోజు ఆ చప్పుడుకు అవతలి ఒడ్డున మేకలు అడివి పట్టాయి. గట్టు మీద నిలబడ్డ సోమమ్మకు మాత్రం గర్వంతో గుండె నిండిపోయింది. ఇంత నది మీద తన మొగుడి పడవ పోతోంది మరి!

"కొబ్బరికాయ కొట్టినంకనే ఎక్కుత. ఆ జీపు సీటు నాది," అంది.

"కొడదాం. ట్రయల్ అయిపోనీ," అన్నాడు.

ఎండాకాలం పోయింది, వానలు వచ్చిపోయాయి. ట్రయల్ మాత్రం పోలేదు. సంత రోజున అవతలి పల్లెలకు పడవ తోలుకెళ్లి, "బరువు చాలక ఎగురుతాంది, కొంచెం కూసోండి" అంటూ దొరికినవాళ్లందరినీ ఎక్కించుకొచ్చేవాడు. ఇప్పపువ్వు బుట్టలు, చింతపండు మూటలు, జ్వరంతో ఉన్న పిల్లాడు, వాడి తల్లి... అందరూ బరువే. "నీ మొగుడి పడవ ఎన్నటికైతదే?" అని ఆడవాళ్లు నవ్వుతుంటే సోమమ్మకు తల కొట్టేసినట్టయ్యేది.

చివరికి ఓ సంత సాయంత్రం కొబ్బరికాయ పట్టుకుని తానే రేవుకొచ్చింది. ఇళ్లకు తిరిగిపోయే జనం అప్పటికే పడవెక్కి కూర్చున్నారు. జీపు సీట్లో భీమే అనే అవతలి పల్లె ముసలమ్మ కూర్చుంది.

"ఈరోజుతో నీ పడవ పూర్తయింది. కాయ కొడుతున్న!" అంది సోమమ్మ.

వెంకటనారాయణ ముఖం పాలిపోయింది. "ఇప్పుడొద్దే..."

భీమే బుట్ట నెత్తిన పెట్టుకుని లేచింది. "పూర్తయిందా నారాయణా? మంచిది బిడ్డా. ఇంక నా బరువుతో పనేమున్నది? నడిచిపోత."

"నడుచుడెందుకవ్వా? ఊరికెనే దింపుత."

"ఊరికెనా?" అవ్వకు కోపమొచ్చింది. "ఊరికె నేనెవరి బండీ ఎక్కను. పడవ ఒరగకుండ సాయం పట్టాలె గదా అని ఎక్కిన."

ఆమె వెనకే మిగతావాళ్లూ మూటలు సర్దుకుని లేచారు. భీమే మోకాళ్లు వాచి ఉన్నాయి. వంతెన మీదుగా చుట్టుదారిన పోతే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. సోమమ్మ మొగుడి వంక చూసింది. ఎన్నడూ మాటకు తడుముకోని మనిషి గుడ్లప్పగించి నిలబడ్డాడు. ఓరి, ఇదా సంగతి అనుకుంది. ఇంట్లో కూడా చెప్పకుండా ఎంత దొంగాట ఆడాడు! కోపం తెచ్చుకుందామంటే రాలేదు. పడవ దించిన రోజు కంటే ఎక్కువ గర్వమొచ్చింది.

కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నీళ్లలోకి దిగి, పడవ అంచు పట్టి ఒక్క ఊపు ఊపింది.

"ఏందిది, ఇట్ల ఒరుగుతాంది! పూర్తయిందన్న నన్ననాలె. ఎవరూ దిగొద్దు. అవ్వా, నువ్వు దిగితివా, నా మొగుడు బోల్తా పడతడు!"

"నేనేమన్న?" అంటూ భీమే దర్జాగా మళ్లీ జీపు సీట్లో కూర్చుంది.

సోమమ్మ పడవెక్కి వెనక్కి పోయి, ఇంజిను పక్కన నూనె మరకల మీదే చతికిలబడింది.

"తోలు," అంది మొగుడితో. "నేనూ బరువే."

"మరి ఆ కొబ్బరికాయ?" అంది భీమే.

సోమమ్మ దాన్ని ఒళ్లో పదిలంగా పెట్టుకుంది.

"ఇదీ బరువుకేనవ్వా."