ఆరు చక్రాల లింబాద్రి

లింబాద్రి కుదురుగా కూర్చుని అన్నం తినగా నేనెప్పుడూ చూడలేదు. పళ్ళెం చేత్తో పట్టుకుని, మా కంపెనీ యార్డులో బండ్ల చుట్టూ తిరుగుతూ తినేవాడు. ఫోన్లో మాట్లాడుతున్నా నడకే. కాలుగాలిన పిల్లి అని మా అమ్మ ఎవరెవరినో తిట్టేది గానీ, ఆ మాటకు అసలు హక్కుదారు ఈయనే. నేనేమో, ఎదుటివాడు కాలూపితేనే చిరాకుపడే రకం. అలాంటి నాకు ఖతార్ ఎడారిలో అతని పక్క సీటు రాసిపెట్టి ఉంది.

అతనిది జగిత్యాల దగ్గర పల్లె. ఊళ్ళో ఉన్నప్పుడు గోదావరిలోంచి ఇసుక లారీ నడిపేవాడు. దోహా వచ్చాక స్టేడియం పనిలో ఇనుప చువ్వలు కట్టాడు. ఒకే స్లాబు మీద పొద్దస్తమానం వంగి ఉండే పని అది. కరోనా వచ్చి లేబర్ క్యాంప్ గేట్లు మూసినప్పుడు, పై మంచం కింది మంచం వేసిన ఇరుకు గదిలో వారాల తరబడి ఉండిపోయాడు. ఆ గది సంగతి ఎవరైనా ఎత్తితే "వద్దు సార్, యాది జెయ్యకుండ్రి" అని లేచిపోయేవాడు. గేట్లు తెరిచాక పట్టుబట్టి హెవీ లైసెన్సు తెచ్చుకున్నాడు. అతనికి కావలసింది ఒక్కటే, చేతిలో స్టీరింగు.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఇంకో ఏడాది ఉందనగా, వచ్చే అభిమానుల కోసం ఎడారిలో గుడారాలు వేయడానికి చోటు వెతికే పని మా కంపెనీకి దొరికింది. నేను సర్వే ఇంజనీరుని, పేరు మధుసూదన్, గుంటూరు వాణ్ణి. రోజూ దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని ఫ్లాటు నుంచి అంత దూరం పోయి రాలేమని, దేశం వదిలిపోతున్న ఒక అమెరికా అతని దగ్గర కంపెనీ ఒక బండి కొంది. దానికి ముందు రెండు చక్రాలు, వెనక జంటలు జంటలుగా నాలుగు. వీపు మీద ఓ గది. గదిలో పరుపు, పొయ్యి, ఏసీ. మేం దాన్ని గది బండి అనేవాళ్ళం.

బండ్లన్నిటికీ పెద్ద రఫీయుద్దీన్. ఆయనది నిజామాబాద్. తాళం లింబాద్రి చేతిలో పెడుతూ చెప్పాడు. "ఇది ట్రయల్ ట్రిప్పు. బండి సలామత్‌గ వాపస్ తెస్తే స్టీరింగ్ నీదే. లేకుంటే మళ్ళ చువ్వల కాడికే. సమజైందా?"

"అయింది భాయ్" అన్నాడు లింబాద్రి. అప్పటికే ఒక కాలు బండిలో ఉంది.

పడమటి తీరాన జెక్రీత్ వైపు తారు రోడ్డు అయిపోయాక మొదలయ్యాయి నా తిప్పలు. అంతా రాళ్ళు. బండి వెనక భాగం ముందుకంటే వెడల్పు. ముందు చక్రాలు ఒడుపుగా తప్పించుకున్న రాయిని వెనకవి వెళ్ళి వెతుక్కుని మరీ ఎక్కేవి. "ముంగట కోడలు సార్, ఎనుక అత్త. కోడలు దూరిన సందుల అత్త వడ్తదా?" అని నవ్వేవాడు. ఎక్కినప్పుడల్లా పైన గది అటూ ఇటూ ఊగి, గిన్నెలు కిందపడేవి. జంట టైర్ల సందులో రాయి ఇరుక్కుంటే దిగి, గడ్డపారతో పొడిచి తీసి, పనిలో పనిగా బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి ఎక్కేవాడు. రాయి లేకపోయినా దిగేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ ఒక మాట ఒప్పుకోవాలి, అంత సంతోషంగా డ్యూటీ చేసే మనిషిని నేను దోహాలో చూడలేదు.

రెండో రోజు దారి రెండుగా చీలింది. ఒకవైపు పొడి ఇసుక, తెల్లగా, పొడిపొడిగా ఉంది. ఇంకోవైపు చదునైన నేల, నల్లగా తడి తడిగా, బల్లలా పరుచుకుని ఉంది. ఎటు అని అడిగాను.

"నల్లగున్న దిక్కే సార్. పొడి ఉస్కెల టైరు దిగవడ్తది. తడి ఉస్కె గట్టిగుంటది. గోదాట్ల ఎన్ని ట్రిప్పులు కొట్టలే!"

నాకూ సబబుగానే తోచింది. బండి ఎంతో దూరం పోలేదు. నేల మీది పెంకులాంటి పొర పటుక్కుమంది. వెనక నాలుగు చక్రాలూ ఒక్కసారిగా కిందికి జారాయి. లింబాద్రి ఆదుర్దాలో యాక్సిలరేటర్ తొక్కాడు. జంట టైర్లు బురదను చిలికి చిలికి, ఇరుసు దాకా కూరుకుపోయాయి. గది వెనక్కి ఒరిగింది. తలుపు ఊడి వేలాడింది.

అతను దిగి, కాస్త బురద వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. "ఉప్పు సార్" అన్నాడు.

ఫోన్లో రఫీయుద్దీన్ అరుపులు నాక్కూడా వినపడ్డాయి. "సబ్ఖాల పెట్టినవా? అరె, అది ఉప్పు నేల! మీద పొర ఎండుతది, లోపట సముద్రం నీళ్ళు. ఒంటె గూడ అటు పోదు!"

"అడుసు తొక్కనేల..." అని మొదలుపెట్టి, అతని ముఖం చూసి సగంలో ఆపేశాను. మర్నాడు మా బండిని బయటికి లాగడానికి క్రేను వచ్చేదాకా లింబాద్రి బురద అంచున తిరుగుతూనే ఉన్నాడు. నీళ్ళు తాగడానికి కూడా ఆగలేదు.

బండి బయటికొచ్చింది గానీ ఇరుసు విరిగింది. రఫీయుద్దీన్ మాటంటే మాటే. చువ్వల కాడికే అన్నాడు. నేను ఊరుకోలేదు. బండి మీది గదిని దించి బాగుచేసి, గుడారాలు వేసే చోట కాపలా గదిగా పెడుతున్నారు. ఆ కావలి పని లింబాద్రికి ఇమ్మని పోరి పోరి ఒప్పించాను. ఎండ లేదు, బరువు లేదు, చల్లటి గదిలో కూర్చోవడమే. యార్డులో అందరూ పెట్టి పుట్టాడన్నారు.

యార్డులోనే బాగుచేసి ఉంచిన ఆ గది దాకా లింబాద్రి మా ఇద్దరి వెంట, నాతో రఫీయుద్దీన్‌తో, వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూశాడు. అడుగు పెట్టలేదు.

"నాతోని గాదు సార్."

నాకు కోపం నషాళానికెక్కింది. "నీకేమైనా పిచ్చా? ఈ పని కోసం ఎంతమంది కాళ్ళావేళ్ళా పడుతున్నారో తెలుసా?"

"ఆనాడు క్యాంపుల తలుపు బయిటికెల్లి వేరేటోల్లు ఏసిండ్రు సార్. ఇప్పుడు నేనే లోపటికెల్లి ఏసుకోవాల్నా?"

రఫీయుద్దీన్ "మరి చువ్వల కాడికి పోతవా?" అన్నాడు.

లింబాద్రి యార్డు మూలకు చూశాడు. అక్కడ ఒక టాంకర్ ఉంది. క్యాంపుల పాయిఖానా గుంతలు తోడి తీసుకుపోయేది. దాని డ్రైవర్ చెప్పాపెట్టకుండా మానేసి చాలా రోజులైంది. దాని పక్కన బండి నిలపడానికి కూడా ఎవరూ ఇష్టపడేవారు కాదు.

"అదెవలు నడుపుతున్నరు భాయ్?"

రఫీయుద్దీన్ పడీపడీ నవ్వాడు. "అరె, అది ఏం బండో ఎరికేనా? దాన్ని నడిపెటోన్ని రూముల ఎవలన్న పండనిస్తరా?"

"టైర్లున్నయి గద."

ఆ మాటతో ఆయన నవ్వు ఆగిపోయింది. జేబులోంచి తాళం తీసి విసిరాడు. "యల్లా, జర చెక్ చేసి చూడు. బ్యాటరీ ఉందో లేదో."

బ్యాటరీ ఉంది. టాంకర్ గుర్రుమని కదిలి యార్డులో ఒక చుట్టు తిరిగింది. మెకానిక్కులందరూ ముక్కులు మూసుకుని చెల్లాచెదురయ్యారు. చాలు, ఆపు అని రఫీయుద్దీన్ చెయ్యూపాడు. లింబాద్రి ఇంకో చుట్టు తిప్పి, హారన్ కొట్టి, గేటు దాటి రోడ్డెక్కేశాడు. పని అప్పగించింది లేదు, ఎటు పోవాలో చెప్పింది లేదు.

ముక్కు మూసుకుని చూస్తున్న నాకు, నిజం చెప్పాలంటే, అసూయ వేసింది. లోపలికి వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.