బియ్యం డబ్బాలో గడియారం

ఆ గడియారాన్ని కొన్నది ముగ్గురు. అది పట్టే చెయ్యి మాత్రం ఒక్కటే. ఈ చిన్న సంగతి కొనే రోజున నాతో సహా ఎవరికీ తట్టలేదు.

మేముండేది ఐర్లండులో, కిల్కెన్నీ ఊరి చివర, ఒకే రకం ఇళ్ళు వరసగా కట్టిన కాలనీలో. అందులో తెలుగువాళ్ళవి మూడే ఇళ్ళు. ఒకటి మాది. నా కూతురు, అల్లుడు, చిన్న మనవరాలు, నేను. అల్లుడు గుండెకు వేసే స్టెంట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఎదురింట్లో గోదావరి అబ్బాయి, ఇంట్లో కూర్చునే కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. మూలింట్లో అనంతపురం డాక్టరమ్మ, ఊళ్ళో ఆసుపత్రిలో పని.

పగలు కూతురూ అల్లుడూ పనికి, పిల్ల బడికి పోతే ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ రెండిళ్ళవాళ్ళు వస్తూ పోతూ ఉంటేనే నాకు మాట. పక్కింటి ఐరిష్ ఆవిడ చాలా మంచిది. ఆవిడ అంతా బాగుందని "గ్రాండ్" అంటుంది, నేనూ "గ్రాండ్" అంటాను, వాన దంచికొడుతున్నా సరే. ఆ తర్వాత ఇద్దరం నవ్వుకుని ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటాం. కాబట్టి ఈ మూడిళ్ళ మధ్య ఎప్పుడూ పొరపొచ్చం రాకూడదని నా ఆశ. వస్తే వాళ్ళకు పోయేది కొంచెమే. నాకైతే మాట్లాడే మనుషులే పోతారు.

గడియారం ఆలోచన మా అల్లుడిది. హైదరాబాదు అవతల ఎక్కడో అతను కొన్న ప్లాటులో ఎవరో రాత్రికి రాత్రి రేకుల షెడ్డు వేసి, అందులో కోళ్ళను పెట్టారు. ఆ కోళ్ళ ఫోటో ఫోన్‌లో చూసిన రోజు నుంచి అతనికి భూమి మీద నమ్మకం పోయింది.

"భూమి కొంటే కబ్జా పెడ్తరు అత్తమ్మా. బంగారం కొంటే మీ బిడ్డ మెడల ఏస్కుంటది. పాత గడియారమైతే పెట్టెల పడి ఉంటది. ధర దానంతటదే పెరుగుతది."

"నడవకుండనేనా?" అన్నాను.

"నడవకుండనే."

అంత ధర ఒక్కడి వల్ల కాదు. ఎదురింటి అబ్బాయి, డాక్టరమ్మ చెరో వాటా వేశారు. ముగ్గురూ డబ్లిన్ వెళ్ళి, పాత గడియారాలు మాత్రమే అమ్మే ఒక దుకాణంలో కొని, చంటిపిల్లను తెచ్చినట్టు తెచ్చారు. చూడమని నాకిచ్చారు. నేను పుట్టిన నాటికి కాస్త ముందూ వెనకగా స్విట్జర్లాండులో తయారైందట. ఒకప్పుడు నల్లగా ఉన్న దాని ముఖం ఎండకు వెలిసి మాడిన చపాతీ రంగుకు తిరిగింది.

"రంగు పోయింది గద బిడ్డా. అడిగి తగ్గించుకోకపోయిండ్రా?"

"ఆ పోయిన రంగుకేనండి ఆంటీ గారూ, రేటు!" అన్నాడు గోదావరి అబ్బాయి. "రంగు పోనివి బోలెడుంటాయండి. ఇంత అందంగా పోయింది దొరకదండి."

వెలిసిన చీరను మా ఊరి కొట్లో సగం ధరకిచ్చేవాళ్ళు. ఆ కొట్టాయన ఇక్కడ పుట్టవలసినవాడు.

ఇంతకీ దాన్ని ఎక్కడ పెట్టాలి? ఎవరింట్లో పెడితే వాళ్ళు తొడుక్కుంటారని మిగతా ఇద్దరి అనుమానం. గీత పడితే ధర పడిపోతుంది. అమ్మేదాకా ఎవరూ పెట్టుకోకూడదని ఒట్టు వేసుకున్నారు గానీ, ఒట్టు మీద కూడా వాళ్ళకు నమ్మకం లేదు. చివరికి డాక్టరమ్మ అంది, "ఆంటీ దగ్గర పెడదాం. ఆయమ్మకు వాటా లేదు, ఆశా లేదు."

నా గురించి అంత గట్టిగా చెప్పినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. సరేనన్నాను. గుడ్డ సంచిలో చుట్టి, ఆ సంచిని ఒక డబ్బీలో పెట్టి, వంటింటి ప్రెస్‌లో ఉన్న బియ్యం డబ్బా అడుగున దాచాను. అల్మరాను ఇక్కడ ప్రెస్ అంటారు. ఏ దొంగా వచ్చి ముందు బియ్యం కొలవడు.

ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టాను. ఆగిన గడియారం ఇంట్లో ఉండకూడదు. ఇంట్లోవాళ్ళ పనులన్నీ అక్కడే ఆగిపోతాయని మా అమ్మ గోడ గడియారం ఆగితే దానికి కీ ఇచ్చేదాకా పొయ్యి వెలిగించేది కాదు. "రోజూ కీ ఇస్త. వొద్దంటే మీ ఇంటికి తీస్కపోండ్రి" అన్నాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కీ ఇవ్వండి అన్నారు. ఆ రోజు నుంచి దీపం పెట్టడం, గడియారానికి కీ ఇవ్వడం, బియ్యం కడగడం నా పొద్దుటి పనులయ్యాయి. ఒకరోజు మనవరాలు డబ్బాకు చెవి ఆనించి, "అమ్మమ్మా, ద రైస్ ఈజ్ టికింగ్!" అని పరుగెత్తుకొచ్చింది.

రెండు నెలలు గడిచాయో లేదో, గోదావరి అబ్బాయి బెల్లం గవ్వలు పట్టుకుని వచ్చాడు.

"అందరూ కులాసాయేనాండి ఆంటీ గారూ?" అంటూ నన్ను కాకుండా ప్రెస్‌ను చూస్తున్నాడు. "సాయంత్రం మా మావగారు వీడియో కాల్‌లోకి వస్తారండి. ఆయనెప్పుడూ నా చేతికేసే చూస్తారండి. ఒక్క గంటండి. మిగతా ఇద్దరికీ తెలియకుండా."

ఇవ్వనంటే అలుగుతాడు. అలిగితే రావడం మానేస్తాడు. ఇస్తే గీత పడొచ్చు. ఆలోచించి ఒక షరతు పెట్టాను. "కూసో. చాయ్ తాగు. మీ ఇంటి సంగతులు చెప్పు. అప్పుడిస్త."

ఎప్పుడూ గుమ్మంలోనే నిలబడి "టైం లేదండి" అనే పిల్లవాడు ఆ రోజు కూర్చుని, తన చిన్నప్పుడు లంకల్లో పడవ తప్పిపోయిన కథ అంతా చెప్పాడు. సాయంత్రం కాల్‌లో గడియారం కనపడాలని చెయ్యి గడ్డం కింద పెట్టుకునే కూర్చున్నాడట. కాసేపటికి మావగారు, "పంటి నొప్పా బాబూ?" అని అడిగారట.

తర్వాత డాక్టరమ్మ వచ్చింది. "ఆసుపత్రిలో మోచేతి కింద ఏమీ ఉండకూడదు ఆంటీ. నేనూ దుడ్లిచ్చినాను కదా, నా చేతికి ఎప్పుడొచ్చేది ఇది? లెటర్‌కెన్నీలో మా క్లాస్‌మేట్ ఇంట్లో ఫంక్షనుండాది. ఆ ఇద్దరికీ చెప్పొద్దు." ఆమె కూడా చాయ్ తాగింది. అత్తగారి మీద, ఆసుపత్రి డ్యూటీల మీద మనసులో ఉన్నదంతా కక్కింది. అంత దూరం పోయి వచ్చాక చూస్తే ముఖం చిన్నబోయి ఉంది. ఆ ఇంట్లో హీటరు పొదుపట. ఎవరూ కోటు విప్పలేదట. గడియారం కోటు చేతిలోపలే పోయి, కోటు చేతిలోపలే తిరిగొచ్చింది.

మా అల్లుడి సంగతి సరేసరి. తన ఇంటి వంటింట్లోకి తనే దొంగలా వచ్చాడు. "అత్తమ్మా, మీ బిడ్డకు చెప్పకుండ్రి." ఆయనకూ చాయ్ తప్పలేదు. ఆఫీసు విందుకు పెట్టుకుపోతే, మేనేజరు దాన్ని చూసి, "మీ తాతగారిదా? పాపం, దాచుకున్నావా" అని భుజం తట్టాడట.

అలా ఆ ఏడాదంతా నా వంటింట్లో మనుషుల మాట వినిపిస్తూనే ఉంది. ప్రతివాడూ తనొక్కడే తీసుకెళుతున్నానని అనుకునేవాడు. నేను కాదనీ అనలేదు, అవుననీ అనలేదు. చాయ్ పెట్టాను.

చిక్కంతా ఆదివారం తెలుగు బడి వార్షికోత్సవంతో వచ్చింది. ఆ బడి చర్చి హాల్లో జరుగుతుంది. మనవరాలిని దించడానికి వెళ్ళేదాన్ని. బయట చలి, లోపల హీటరు. వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని. నాకు అక్షరాలు వచ్చింది అలాగే. ఆ ఏడు పిల్లలతో పాటు నన్నూ స్టేజీ ఎక్కి ఏదైనా చదవమన్నారు. మా అమ్మ పెంచిన గేదె గురించి నేనే రాసుకున్నాను.

డబ్లిన్ నుంచీ పోర్ట్‌లీష్ నుంచీ కూడా తెలుగువాళ్ళంతా వచ్చే రోజది. ఆ పొద్దున అబ్బాయి కరివేపాకు కోసం వచ్చాడు. వెనకే డాక్టరమ్మ నా బీపీ చూస్తానని వచ్చింది. మా అల్లుడు కారణం లేకుండానే వంటింట్లో నిలబడ్డాడు. ముగ్గురి కళ్ళూ బియ్యం డబ్బా మీదే.

"కరివేపాకు మీ ఇంట్లో కుండీలో ఉండాది కదప్పా?" అంది డాక్టరమ్మ.

"బీపీ చూడ్డానికి వచ్చి మిషను మర్చిపోయారేంటండి?" అన్నాడు అబ్బాయి.

"మీరిద్దరు దేనికొచ్చిండ్రో నాకెరుకే" అన్నాడు మా అల్లుడు.

"నీకెట్లా తెలుసు? నువ్వూ దానికే నిలబడినావు గనక!"

"మీకు ఆసుపత్రిల చేతికి పెట్టుకునే హక్కే లేదు మేడమ్."

"నాకు హక్కు లేదా? నువ్వు టైము ఫోన్‌లో చూసుకుంటావు, గడియారాన్ని ఫోటో తీసుకుంటావు!"

"నేనైతే వాటా వెనక్కిచ్చేయమంటానండి. ఇంక ఎవరి గుమ్మం వాళ్ళదేనండి" అన్నాడు అబ్బాయి. నవ్వుతూ అనలేదు.

నేను ఏడాదిగా చాయ్ పోసి కాపాడుకున్నది ఒక్క పొద్దున్నే పోయేటట్టుంది. డబ్బా మూత తీసి, బియ్యంలో చెయ్యి పెట్టి, డబ్బీ బయటికి లాగాను. గడియారం నా చేతికే పెట్టుకున్నాను.

"నాకు వాటా లేదు. ఆశ లేదు. స్టేజీ ఎక్కేది నేను. నేను పెట్టుకుంట."

గీతలు పడతాయని ఆ చేతి గాజులు తీసి కూతురికిచ్చాను.

హాల్లో ముగ్గురూ ముందు వరసలో పక్కపక్కనే కూర్చున్నారు. నేను చదువుతుంటే ఒక్కరు కూడా నా ముఖం చూడలేదు. నా చెయ్యి కాగితంతో ఎటు కదిలితే మూడు తలలూ అటు కదిలాయి. గేదె నిండు చూలుతో వానలో తప్పిపోయిందని చదువుతూ పేజీ తిప్పాను. గడియారం మైకు కడ్డీకి తగిలి, హాలంతా వినపడేలా ఠంగుమంది.

ముగ్గురూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

ముందు వరసలో డాక్టరమ్మే లేచి నిలబడేసరికి వెనక వరసవాళ్ళూ లేచారు. వాళ్ళను చూసి ఆ వెనకవాళ్ళు. హాలంతా నిలబడి చప్పట్లు. పంతులమ్మ కళ్ళు తుడుచుకుంది. కథలో గేదె ఇంకా ఈననే లేదు. ఆ చప్పట్లలో అది ఈనిందని చెప్పే దారి లేక దండం పెట్టి దిగిపోయాను.

హాలు వెనక వంటగదిలో ముగ్గురూ నా చేతి మీద ఫోన్ లైట్లు వేసి వంగారు. అంచు మీద గీత ఉంది, సన్నగా.

"నా వల్లనే అయింది బిడ్డా" అన్నాను.

"కాదండి, కాదండి" అన్నాడు గోదావరి అబ్బాయి గబగబా. "అది నాదండి. కాల్ అయ్యాక ఫ్రిజ్ తలుపుకి తగిలించానండి."

"నీ మొగం. అది నేను లెటర్‌కెన్నీలో కారు బెల్టుకు గీకినది" అంది డాక్టరమ్మ.

"ఇద్దరు కాదు. ఆఫీసు విందుల నేనే బల్లకు కొట్టుకున్న" అన్నాడు మా అల్లుడు.

ముగ్గురి దొంగతనమూ ముగ్గురికీ అప్పుడే తెలిసింది. ముందు డాక్టరమ్మకు నవ్వొచ్చింది. లైటు ఇంకా కిందికి పెట్టి చూస్తే గీతలు నిజంగానే నాలుగున్నాయి. నాలుగోది నాదే. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

మరుసటి వారమే అమ్మేశారు. ఇంకొన్నాళ్ళుంటే గడియారమన్నా మిగలదు, మనమన్నా మిగలమని డాక్టరమ్మే తేల్చేసింది. డబ్లిన్ దుకాణం ఆయన భూతద్దంతో చూసి, గొలుసు సందులోంచి ఏదో తెల్లటిది చిన్న పట్టకారుతో తీసి, ఇదేమిటని అడిగాడట. నూక. గీతలకు కొంత, నూకకు కొంత తగ్గించినా పెట్టిన డబ్బు వచ్చింది. పైన కొంచెం లాభం కూడా వచ్చింది. ఆ లాభంతో అందరం బిర్యానీ తిన్నాం. రైతాకు చేతి డబ్బు వేసుకోవలసి వచ్చింది.

అందరూ నవ్వుతూనే తిన్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఇక ఎవరు దేనికి వస్తారు నా వంటింటికి?

ఆ పై వారం పొద్దున దీపం పెట్టి, అలవాటుగా బియ్యంలో చెయ్యి పెట్టాను. బియ్యమే తగిలింది. వంట చేసుకున్నాను, పక్కింటావిడకు "గ్రాండ్" చెప్పాను. మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గోదావరి అబ్బాయి. పక్కన డాక్టరమ్మ.

"ఆంటీ గారూ, ఈసారి గట్టి ఆలోచనండి. విస్కీ పీపా! ఇక్కడి డిస్టిలరీవాళ్ళు పీపా లెక్కన అమ్ముతారంటండి. ఏళ్ళ తరబడి ముట్టుకోకూడదు. ఎంత పాతదైతే అంత ధరండి."

"నా బియ్యం డబ్బాల పట్టది బిడ్డా."

"మీరు దాచక్కర్లేదండి. వాళ్ళ గోదాములోనే తాళం వేసి ఉంచుతారండి. మనల్ని తాకనివ్వరు కూడా."

"మరి నా దగ్గరికెందుకొచ్చిండ్రు?"

డాక్టరమ్మ అప్పటికే కుర్చీ లాక్కుంది.

"చాయ్ పెట్టండి ఆంటీ" అంది.