ఒక్క గడి కోసం బేరం

ఖతార్, ఒమన్ ఉమ్మడి పథకాలకు దోహాలోని మా ఆఫీసూ, మస్కట్‌లోని ఇంకో ఆఫీసూ నిధులిచ్చేవి. రెండు ఆఫీసుల దరఖాస్తు ఫారాలనూ ఒక్కటి చేసే పని నాకూ, అక్కడ పనిచేసే కరీంనగర్ పెద్దాయనకూ పడింది. రోజూ పదింటికి ఫోనులో, ఫారంలోని గడి గడికీ ఎవరి మాట ఉంచాలో బేరమాడేవాళ్ళం. మధ్యలో ఆయన "తిన్నవా?" అని అడిగేవాడు. దోహాలో నన్ను ఆ మాట అడిగేవాళ్ళు ఇంకెవరూ లేరు. అందుకే చివరిదైన ప్రయాణ ఖర్చుల గడిని కావాలనే తేల్చకుండా సాగదీశాను.

ఒకనాడు ఆయన, "తమ్మీ, నీ మాటే ఖాయం. ఇగ ఫారం పంపు" అన్నాడు.

"ఇంకోసారి ఆలోచించండన్నా."

"గెల్సినవు గదా, ఇంకేం గావాలె నీకు?"

పంపేశాను.

చిన్నప్పుడు మా కొట్టుకు ఒకాయన రోజూ వచ్చి, కొనకుండా గొడుగు ధర అడిగి, కాసేపు మాట్లాడి పోయేవాడు. ఆయన్ని చూసి నవ్వేవాణ్ణి. మర్నాడు పదింటికి, మోగని ఫోను ముందు కూర్చుంటే ఆ గొడుగాయనే గుర్తొచ్చాడు.