హార్బరు గట్టు నుంచి పద్మనాభం దాకా: రత్నానికిచ్చిన ఇల్లు చూసొచ్చాం

మా వీధిలో చేపలమ్మే నూకరత్నం పోయిన వారం నా గుమ్మం ముందు బుట్ట దించి, "ఊళ్లన్నీ తిరుగుతావు, రాత్తావు. నాకో ఊరు సూపించమ్మా" అంది. ఆమెకు ఇల్లు ఇచ్చారట. ఎక్కడిచ్చారో ఆమెకే తెలియదు. చేతిలో ఉన్న కాగితం మీద "పెందుర్తి సమీపంలో" అని మాత్రం ఉంది. ఒప్పుకుంటుందో లేదో గురువారం ఆఫీసు మూసేలోపు వెళ్లి చెప్పాలి, చెప్పకపోతే పేరు కొట్టేస్తారు. భర్త బోటు మీద వేటకి పోయాడు, తిరిగొచ్చేసరికి ఇంకో వారం పడుతుంది. అరకు, లంబసింగి అంటూ ఇన్నాళ్లూ మీకు చాలా దారులు చెప్పాను. ఈ దారి కూడా చెప్పాల్సినదే, ఎందుకంటే ఇలాంటి కాగితాలు పట్టుకుని ఈ ఊళ్లో ఇంకా చాలామంది తిరుగుతున్నారు.

ముందు సంగతి చెబుతాను. రత్నం వాళ్ల పేట హార్బరుకి నడిచివెళ్లేంత దూరంలో ఉండేది. అక్కడ సముద్రం కనిపించేలా పెద్ద అపార్ట్‌మెంట్లు కడతామని ఒక కంపెనీ వచ్చింది. అనుమతి ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టారు: పేటలోని కుటుంబాలకి అదే స్థలంలో, తక్కువ ధరకి ఇళ్లు కట్టివ్వాలి. పేటలో షామియానా వేసి, ఒక అధికారి మైకు పట్టుకుని ఇళ్లు ఇక్కడే ఇస్తామని అందరి ముందూ చెప్పాడు. వీళ్లు సరే అన్నారు, సామాన్లు సర్దుకుని అద్దె గదుల్లోకి వెళ్లిపోయారు. బిల్డింగు సగం లేచాక కంపెనీ వాళ్లు గిట్టుబాటు కావడం లేదని అర్జీ పెట్టుకున్నారు. ఒక మీటింగులో షరతు మారిపోయింది. "అదే స్థలంలో" పోయి "మరో చోటైనా" వచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే. ఖాళీ చేసే ముందు కాగితం ఎందుకు రాయించుకోలేదని రత్నాన్ని అడిగితే నావైపు వింతగా చూసింది. ఆ చూపు నాకు గురువారం పొద్దున్న హార్బరులో అర్థమైంది.

తెల్లారకముందే జగదాంబ నుంచి ఆటోలో వెళ్లాను, నూట ఇరవై తీసుకున్నాడు. మీరూ చూడాలనుకుంటే చీకటితోనే వెళ్లండి, పాత చెప్పులు వేసుకోండి, ఎవరి దారికీ అడ్డం నిలబడకండి. బోట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్నాయి, గట్టు మీద చేపల రాశులు, రాశి చుట్టూ ఆడవాళ్లు, మధ్యలో పాట పాడేవాడు. ఇక్కడ వేలాన్ని పాట అనే అంటారు. రత్నం ఒక కానాగంతల రాశి పాడుకుంది. పాట ముగిసిన కాసేపటికే ఇంకో బోటు నిండా అవే చేపలు దిగాయి. ధర సగానికి పడిపోయింది. ఇంకా డబ్బు ఇవ్వలేదు కదా, వదిలేసి అటు వెళ్లొచ్చు కదా అన్నాను.

"నోటంట వొచ్చీసినాక ఎనక్కి తీసుకుంతామేటమ్మా? రేపు ఈ గట్టు మీద నా పాట ఎవులు ఇంటారు?" అంది.

అదీ సంగతి. పదిమంది ముందు పైకి అన్న మాటే వీళ్లకి దస్తావేజు. షామియానా కింద మైకులో "ఇక్కడే" అన్నప్పుడు పాట ముగిసిందనుకున్నారు. పాపం, అవతలివాళ్లు గట్టు మీద పెరిగినవాళ్లు కాదు.

బుట్ట చెల్లెలికి అప్పగించి రత్నం నాతో బస్సుల కాంప్లెక్సుకి వచ్చింది. పెందుర్తికి సిటీ బస్సులు బాగానే ఉంటాయి, ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి టికెట్ లేదు. గంటకి పైగా పట్టింది. ఖాళీ చేతులతో బస్సెక్కడం తనకి కొత్తగా ఉందని రత్నం నవ్వింది. బుట్ట ఉంటే కండక్టరు ఎక్కనివ్వడు, వాసనంటాడు. అందుకే రోజూ హార్బరు నుంచి మా వీధులకి నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుంటారు.

పెందుర్తి కూడలిలో టిఫిన్ చేసి, ఒక ఆటో అతనికి కాగితం చూపించాను. చదివి తల గోక్కున్నాడు.

"పెందుర్తి కాదమ్మా ఇది. ఆనందపురం రోడ్డంట ఎల్లి, పద్మనాభం ఏపు తిరగాల. సానా దూరం" అన్నాడు. పోనూ రానూ ఎనిమిది వందలకి ఒప్పుకున్నాడు. పద్మనాభాన్ని పెందుర్తి సమీపం అని రాసిన మహానుభావుడెవరో ఒక్కసారి ఈ ఆటోలో వెనక సీట్లో కూర్చుంటే బాగుండును.

హైవే బాగుంది. అది దిగాక పొలాలు, మధ్యలో కొత్తగా పోసిన మట్టి రోడ్డు, చివర తెల్ల సున్నం వేసిన ఇళ్ల వరసలు. కాపలా మనిషి తాళం తీసి చూపించాడు. ఒక గది, వంటిల్లు, బాత్రూము, కుళాయి. నిజం చెప్పొద్దూ, ఇల్లు బాగుంది. అదే నా ఒళ్లు మండించింది. గోడలు బీటలు వారి ఉంటే తిట్టుకుంటూ తిరిగి వచ్చేసేవాళ్లం. రత్నం కుళాయి తిప్పి నీళ్లు పట్టి మొహం కడుక్కుంది. గోడని అరచేత్తో తడిమింది. పుట్టి ఇన్నేళ్లకి తన పేరు మీద వచ్చిన ఇల్లు, వదులుకోవడం మాటలు కాదు.

రోడ్డు మొదట్లో ఒకామె పాకలో ఇడ్లీ, టీ అమ్ముతోంది. టీ పదిహేను, బాగా మరిగించి ఇస్తుంది, ఆగి తాగండి. రత్నం ఆమెను అడిగింది ఒక్కటే, పొద్దున్న తొలి బస్సు ఎప్పుడని.

"ఆరు దాటాకేనమ్మా. ఒక్కోనాడు అదీ రాదు. పట్నం పనులకెల్లే మావోలు బండ్ల మీదే పోతారు" అంది ఆమె.

ఆరింటికి హార్బరులో పాటలు అయిపోయి గట్టు కడుగుతుంటారు. రత్నం టీ గ్లాసు దించి ఆటో ఎక్కింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేనే వాగుతూ ఉన్నాను, తను పొలాల వైపు చూస్తూ కూర్చుంది.

నాలుగున్నరకి ఆఫీసుకి చేరాం. కిటికీ అవతల కుర్రాడు మంచివాడే. కాగితం తీసుకుని, "బాగా ఆలోచించుకుని చెప్పమ్మా. ఒకసారి చెప్పాక మార్చడానికి కుదరదు" అన్నాడు.

మరి మీరు మార్చలేదా అని నాకు నోటి దాకా వచ్చింది. నేను అనేలోపే రత్నం అంది.

"నాను మార్సను బాబూ. ఆ పొద్దు షామియానా కింద ఇక్కడే అని మీరన్నారు, సరేనని మేవన్నాం. నాది ఆ మాటే."

"అంటే ఈ ఇల్లు వద్దనా?" అని అడిగాడు. వద్దంది. రాసుకున్నాడు. పేరు పోయింది. బయటికి వచ్చాక, ఆయన వేట నుంచి వస్తే ఏం చెబుతావు అన్నాను. "మా మావ గట్టు మీద పెరిగినోడే. సెప్పక్కర్నేదు" అంది. కళ్లు మాత్రం తుడుచుకుంది.

చాలా ప్రయాణాల చివర ఏదో సంపాదించుకున్నట్టు ఉంటుంది. దీని చివర మాత్రం చేదు తప్ప ఏమీ మిగల్లేదు. నగరం పెరగాలి, ఖర్చులు పెరిగాయి, షరతులు సడలించక తప్పదు అని చదువుకున్న నోళ్లతో ఎన్నైనా చెప్పుకోవచ్చు. కుళ్లిపోయే చేపల మీద అన్న మాటకి ఉన్న విలువ, మనుషుల ఇళ్ల మీద అన్న మాటకి లేకపోయింది. కడుతున్న బిల్డింగు ముందు నుంచే మర్నాడు రత్నం బుట్టతో వచ్చింది. అక్కడ "సముద్రం మీ గుమ్మంలో" అని బోర్డు పెట్టారట, వాచ్‌మన్ చదివి చెప్పాడట.

మీ చేతిలోనూ అలాంటి కాగితం ఉంటే ఒక్క సలహా. ఇల్లు చూపిస్తామని పట్టపగలు కారు పంపిస్తే ఎక్కకండి. మీరు రోజూ పనికి బయల్దేరే వేళకి ఆ గుమ్మం ముందు నిలబడి, బస్సు వస్తుందో లేదో చూడండి. ఆ తర్వాతే నోరు విప్పండి, మీరన్న మాట మాత్రం వాళ్లు మార్చనివ్వరు.