సముద్రం రాని చోటు

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. ఆ తేదీ విషయంలో దివిసీమలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. ఆనాటి నుంచి మా అక్క నడుం వాల్చి నిద్రపోలేదు. కోడూరు దగ్గర అత్తవారింట్లో మంచం మీద పడుకుని ఉండగా నీళ్ళు వచ్చాయి. పక్క మంచం మీది అత్తగారు మళ్ళీ లేవలేదు. అక్క తాటిచెట్టును కావలించుకుని బతికింది. పడుకున్నవాళ్ళు పోయారు, నిలబడ్డవాళ్ళు మిగిలారు అన్నది ఆమె తేల్చిన లెక్క. రెండు ఉదాహరణల మీద ఏ లెక్కా నిలవదు కనుక నేను దాన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆమె మాత్రం అప్పటి నుంచి గోడ వారగా కుర్చీ వేసుకుని, కూర్చునే నిద్రపోతోంది.

కిందటేడు ఆమె కాళ్ళు బాగా వాచాయి. మచిలీపట్నంలో డాక్టరు గారు పరీక్షలన్నీ చేయించి, గుండె, కిడ్నీలు సవ్యంగానే ఉన్నాయన్నారు.

"మామ్మగారూ, మీకు మందు రాయట్లేదు. రాత్రిళ్ళు కాళ్ళు చాపుకుని పడుకోండి చాలు. ఇలాగే కూర్చుంటే పుళ్ళు పడతాయి, తర్వాత నడవలేరు."

"పడుకుంటాను బాబూ. సముద్రం రాని చోటు చూపించండి, ఇప్పుడే పడుకుంటాను."

డాక్టరు గారు నా వైపు చూశారు. నేను నీటిపారుదల శాఖలో మ్యాపులు గీసి రిటైరైనవాణ్ణి. ప్రశ్న నా పరిధిలోనిదే అనిపించింది.

ఇంటికి వచ్చి అట్లాసు తీశాను. దేశానికి నడిమధ్య అని చెప్పుకునే చోట, నాగ్‌పూర్‌లో, బ్రిటిషు కాలపు సర్వే వారు నిలిపిన రాతి స్తంభం ఉంది. అక్కడ నేల సముద్రమట్టానికి సుమారు వెయ్యి అడుగుల ఎత్తు. మా కోడూరు ఎత్తు రెండు నిలువులు ఉంటే గొప్ప. ఈ అంకెలు విని అక్క సంచీ సర్దుకుంది.

మచిలీపట్నంలో రైలెక్కాము. గుడివాడలో ఎక్కి ఎదుట కూర్చున్న ఒకావిడ పలకరించింది.

"ఎందాకా పిన్నిగారూ?"

"దేశం మధ్యకి" అంది అక్క.

"అక్కడేముందండీ?"

"రాయి ఉందంట."

"మీవాళ్ళెవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరమ్మా. సముద్రం కూడా లేదు."

ఆవిడ ఈసారి నన్ను అడిగింది. "కాశీ అదీ అయిపోయిందాండీ మీకు?"

కాలేదని చెప్పాను. తర్వాత ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

విజయవాడలో నాగ్‌పూర్ బండి ఎక్కాము. కింది బెర్తు దొరికినా అక్క దారి పొడుగునా కూర్చునే వచ్చింది.

స్తంభం ఇసుకరాతిది. పక్కనే నాలుగు గుర్రాల బొమ్మలు, ఊళ్ళ దూరాలు మైళ్ళలో చెక్కిన మరో రాయి ఉన్నాయి. హైదరాబాదు 318 మైళ్ళని ఉంది. బందరు ప్రస్తావన లేదు. గుర్రాలు ఎందుకో నాకు తెలియలేదు.

"మన సముద్రం ఇక్కడికెంత దూరంరా?" అని అడిగింది అక్క.

"తిన్నగా కొలిస్తే ఆరువందల కిలోమీటర్లకి అటూ ఇటూ."

"అవతలి సముద్రం?"

"అది ఇంకా దూరం."

"అంటే దగ్గరగా ఉంది మనదేనన్నమాట."

కాదనడానికి వీల్లేదు. లెక్క అంతవరకు వచ్చింది కనుక మిగిలిన నిజం కూడా చెప్పాను. ఇప్పటి మ్యాపు ప్రకారం అసలు మధ్య ఇది కాదని, ఉత్తరాన మధ్యప్రదేశ్‌లో కరౌందీ అనే పల్లె అంటారని.

"మరి ఇక్కడికెందుకు తీసుకొచ్చావురా?"

"ఇక్కడికి రైలుంది."

ఆమె స్తంభం చుట్టూ తిరగసాగింది. మా వైపు పాత గోడల మీద ఉప్పెన నీళ్ళు ఎక్కిన ఎత్తున గీత ఉంటుంది. కొందరు దాని మీద తారు పూసి నిలుపుకున్నారు. ఇల్లు కొనబోయేవాడు ముందు గీత చూసి, తర్వాతే గదులు చూస్తాడు. అక్క కూడా వంగి, రాయి మొదట్లో మోకాలి ఎత్తున ఉన్న మట్టి చారను వేలితో తడిమింది.

"ఒరే, ఇటు రా. ఇక్కడిదాకా వచ్చినియ్యి."

"అది వానకి చిందిన బురద, అక్కా."

"నీళ్ళు కావా?"

"నీళ్ళే. సముద్రం కాదు."

"పడుకున్నదానికి ఏ నీళ్ళైతే ఏంటిరా? వెయ్యి అడుగులన్నావు, ఇంత పైకీ వచ్చినియ్యి. ఇంక దేశంలో చోటేది?"

సముద్రమట్టం గురించి మరోసారి వివరించాను. ఆమె వినలేదు. ప్రయాణం వృథా అయిందనీ, ఇక ఆ కాళ్ళు నయం కావనీ నాకు అర్థమైంది. ఆమె వచ్చి సిమెంటు బల్ల మీద కూర్చుంది. ఆఫీసులన్నీ తిరిగి, ఆఖరి ఆఫీసులోనూ కాదనిపించుకుని, ఇక తిరగాల్సిన పని లేదని తెలిసిన మనిషి ముఖంలా ఉంది ఆమె ముఖం.

"మన ఊరే నయం. అక్కడ ఎటునుంచి వస్తయ్యో తెలుసు" అంది.

తర్వాత సంచీ తలకింద పెట్టుకుని, చెప్పులు విడిచి, బల్ల మీద కాళ్ళు బారచాపి పడుకుంది.

కాసేపటికి గార్డు వచ్చి, ఇక్కడ పడుకోకూడదు, లేపమన్నాడు. ఎన్నేళ్ళకు పడుకుందో హిందీలో చెప్పాను. అంకె తప్పు చెప్పాననుకున్నాడో ఏమో, వేళ్ళతో చూపించమన్నాడు. చూపించాను. ఆమె వాచిన పాదాల వంక చూసి, గేటు వైపు వెళ్ళిపోయాడు. ఎండ ఆమె ముఖం మీదికి వచ్చినప్పుడు లేచి అడ్డంగా నిలబడ్డాను. వెల్లకిలా పడుకుంటే ఆమె గురక పెడుతుందన్న సంగతి అంతవరకు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.