దేవరాజు బాగుచేసిన శాసనం

నంద్యాలలో నాతోపాటు కాలేజీలో తెలుగు చెప్పే సరస్వతికి నలభై రెండేళ్లు. పాతకాలపు పద్యమంటే అన్నం మానేస్తుంది. పీహెచ్‌డీ సీటు కోసం రెండుసార్లు వెళ్లి ఉత్తచేతులతో వచ్చింది. ఎమ్మేలో మార్కులున్నాయి, అర్హత పరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూలోనే ప్రతిసారీ ఒకటే మాట: "అందరూ చదివిందే మీరూ చదివారు. కొత్తగా ఏం తెచ్చారు?"

మూడోసారికి కొత్తది దొరికింది. గడివేముల దగ్గర ఒక మిరపచేలో ఐదువందల ఏళ్లనాటి రాయి, దానిమీద సీసపద్యం. బాగా అరిగిపోయింది. ఆ సంబరమంతా ఆళ్లగడ్డలో ఉన్న నాయన దేవరాజుకు ఫోన్లో చెప్పింది. ఆయన విగ్రహాలు చెక్కే శిల్పి.

ఆదివారం రాతిమీద తడికాగితం పరిచి అచ్చు తీద్దామని సరస్వతీ నేనూ వెళ్లాం. రాయి కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. పక్కనే దేవరాజు, చేతిలో ఉలి. సరస్వతి చేనుగట్టు మీద కూలబడింది.

"ఏందమ్మా, అట్ట కూలబడితివి? రెండు దినాలు కూర్చోని చెక్కితి. ఇప్పుడు సిన్నపిల్లోడు గూడా చదువుతాడు!"

"అరిగిందే నాకు కావాల నాయనా! నువ్వు బాగుచేస్తే అది నీ రాత. పాతోళ్ల రాత యాడుంది?"

ఆయన ముఖం మాడిపోయింది. నాకైతే ఆ ఉలి లాక్కుని కాలవలో పారేయాలనిపించింది. కోపంతోనే రాయి చూశాను. నడుమ ఐదు అక్షరాలు అరిగినవి అరిగినట్టే ఉన్నాయి.

"ఇవెందుకు వదిలేసినావప్పా?" అనడిగాను.

"ఏమక్షరమో తెలీలే. తెలీకుండా ఉలి పెడితే రాయిమీద అబద్ధం నిల్చిపోతాది."

వేరే దారి లేక ఆ చెక్కిన రాయికే అచ్చు తీసి, అదే పట్టుకుని ఇంటర్వ్యూకు పోయింది సరస్వతి. దాచలేదు. మా నాయనే పాడుచేశాడు మేడమ్ అని మొదలుపెట్టి, ఐదక్షరాల దాకా అంతా చెప్పేసింది. ఇంటర్వ్యూ చేస్తున్న ప్రొఫెసర్ అమృతగారు ఆ అచ్చును భూతద్దం పెట్టి చాలాసేపు చూశారట.

"ఈ పద్యం మీద ఇక పరిశోధన కుదరదు. కానీ రాయి చెక్కేవాళ్లు ఎక్కడ తడబడతారో, ఎక్కడ ఆగుతారో మీ ఇంట్లో తెలిసినట్టు మాకెవరికీ తెలియదు. పద్యశాసనాల్లో శిల్పుల పని మీద చేస్తారా?"

చేస్తానంది. సీటొచ్చింది. చేరేరోజు సర్టిఫికెట్లతో పాటు నాన్నగారిని కూడా తీసుకురమ్మన్నారు.

ఆ కబురు చెప్పడానికి ఇద్దరం ఆళ్లగడ్డ బస్సెక్కాం. దేవరాజు నమ్మలేదు. రాతిదుమ్ము చేతులతోనే కళ్లు తుడుచుకుని, కళ్లలో దుమ్ము పడి మళ్లీ తుడుచుకున్నాడు.

"నేను ఎనిమిది తప్పినోన్ని. అంత పెద్ద సదువు కాడికి నన్నెందుకమ్మా పిలుస్తాండారు?"

"పాఠం చెప్పనీకి నాయనా," అంది సరస్వతి.