నా లంగల మూటకు నేనే హర్రాజు పాడిన

మొన్న మంగళారం మానుకోటల నేను చేసిన ఘనకార్యం మీకింకా తెల్వదు. నా సొంత మూటను నేనే హర్రాజుల పాడి కొన్న! ఆగుండ్రి, అప్పుడే నవ్వకుండ్రి. నా మీద పోటీకి దిగి పాట పెంచిందెవరో తెలుసా? మా అత్తమ్మ!

మొదటికెళ్ళి చెప్త.

నేను చీర లోపలి లంగలు కుడ్త గదా. మా ఆయన బడిల అటెండరు, ఆ జీతంతోని ఇల్లు నడుస్తది. నా మిషినితోని వచ్చేటివి నావి. జనగామల ఇంటింటికి తిరిగి రెండు, మూడు అమ్ముకునేదాన్ని. ఎండకాలంల మానుకోట నుంచి ఒక కార్డు ముక్క వచ్చింది. అక్కడి బట్టల దుకాణం రాజయ్య సేటు రాసిండు. "మీ లంగలు మా చుట్టాలింట్ల చూసినం. కుట్టు మంచిగున్నది. అరవై పంపుండ్రి" అని. అరవై! ఆ కార్డును నేను ఎన్ని సార్లు చదివిన్నో, మా ఆయన "అది చిరుగుతది, జర పక్కకు పెట్టు" అన్నడు.

ఇరవై రోజులు కూసొని కుట్టిన. గోనెసంచిల పెట్టి, సుతిలితోని మూతి కుట్టి, లారీ ఆఫీసుల ఏసిన. కిరాయి అక్కడ సేటే కట్టుకోవాలె. లారీవాళ్ళు ఇచ్చిన రసీదును బిల్టీ అంటరు. అది చూపిస్తెనే మూట ఇస్తరు. మరి సేటు పైసలియ్యకుంట మూట తీస్కపోతె? అందుకని బిల్టీని పోస్టుల వీపీ చేసిన. అంటె సేటు పోస్టుమేనుకు పైసలు కడ్తెనే బిల్టీ చేతికి వస్తది. ఆ పైసలు నాకు మనియార్డరైతయ్. మస్తు తెలివిగల్లదాన్ననుకున్న!

పదిహేను రోజులకు నా వీపీ నాకే వాపసొచ్చింది. సేటు తీసుకోలే. కార్డు రాసిన. "ఊర్లె లేకుంటి, మల్ల పంపుండ్రి" అని జవాబు. మల్ల పంపిన, మల్ల పోస్టు ఖర్చు. మల్ల వాపసు! "ఇప్పుడు గిరాకి లేదు, దసరా ముందల చూద్దాం" అని ఇంకో కార్డు. మూటేమో మానుకోట లారీ ఆఫీసుల పడి ఉన్నది. మూట పెట్టుకున్నందుకు రోజుకో రూపాయి జుర్మానా, దాన్ని డ్యామేజి అంటరు, ఎక్కుతున్నది. పైసలు రావు, మూట రాదు. అన్నం తింటుంటె గూడ మీటరు తిరిగినట్టు రూపాయి, రూపాయి అని చెవుల మోగేది.

ఆఖరికి లారీ ఆఫీసు నుంచి కాయిదం వచ్చింది. మంగళారం దాక తీసుకపోకపోతె మూటను హర్రాజు వేస్తరట. జనగామల లారీ ఆఫీసుకే పోయి అడిగిన. కిరాయి, డ్యామేజి కలిపి తొంభై రూపాయలు కట్టి తెచ్చుకోమన్నరు. తొంభై! నా పాణం పోయింది. గప్పుడు అక్కడున్న హమాలీ ఒకాయన మెల్లగ అన్నడు, "అక్కా, హర్రాజుల గంత పలకదు. మూతి కుట్టిన మూటల ఏమున్నదో ఎవరికి ఎరుక? మొన్న గిసొంటిదే ముప్పయికి పోయింది."

నా బుర్రల దీపం వెలిగింది. తొంభై ఎందుకు కట్టాలె? ముప్పయికి పాడి నా మూట నేనే తెచ్చుకుంట!

"ఒక్కదానివే ఎట్ల పోతవ్ బిడ్డా, నేనొస్త" అని మా అత్తమ్మ తయారైంది. పొద్దుగాల బస్సెక్కి, తొర్రూరు మీదికెళ్ళి మానుకోటల దిగినం. దారిపొంటి చెప్పుకుంట పోయిన. "అత్తా, నువ్వు ఎనుక కూసో. ఏం మాట్లాడకు. మన మూట ఎవనికో పోవద్దు, గంతే." మా అత్తమ్మ తలకాయ ఊపింది. నేను చెప్పినదాంట్ల "ఎవనికో పోవద్దు" అన్న ముక్క ఒక్కటే ఆమెకు ఎక్కిందని నాకప్పుడు తెల్వదు.

లారీ ఆఫీసు గోదాముల ఇరవై మంది దాక ఉన్నరు. మూట నాదేనని గుర్తుపడ్తె ముప్పయికి ఇయ్యరని నా భయం. అత్తమ్మను ఎనుక గోడ పక్కన కూసోబెట్టి, ఆమెకు చెప్పకుంటనే జనంల చొచ్చి కొంగు ముక్కుదాక గుంజుకున్న. గొంతు గూడ మార్చి, పడిశం పట్టినట్టు బొంగురుగ పెట్టిన.

మూడు మూటలు పోయినయ్. నాలుగోది నాది. గుమస్తా కేకేసిండు, "బట్టల మూట, జనగామది. పాడుండ్రి!"

ముందట కూసున్న ఒకాయన కాలు మీద కాలేసుకొని, "ఏవో పాత గుడ్డలై ఉంటయ్. మసిగుడ్డలకు పనికొస్తయ్. ఇరవై" అన్నడు.

గుమస్తా నవ్విండు. "ఏం రాజయ్య సేటు, మసిగుడ్డలతోని నీకేం పని?"

రాజయ్య సేటు! నా ఒళ్ళు భగ్గుమన్నది. గిరాకి లేదన్నడు, ఊర్లె లేనన్నడు. మూట హర్రాజుకు వచ్చేదాక కావాలనే ఆగిండన్నట్టు! నా అరవై లంగలు ఇరవై రూపాయలకు కొడ్తడట!

"ముప్పై" అన్న బొంగురు గొంతుతోని.

"నలభై" అన్నడు సేటు, ఎనుకకు సుత చూడలే.

"యాభై!"

"అరవై!"

గప్పుడు గోడ దగ్గర నుంచి గణగణమని వినిపించింది, "నూరు!"

మా అత్తమ్మ! కొంగు సాటు నుంచి చెయ్యి ఊపిన, వద్దు వద్దని. మా అత్తమ్మకు అసలే చూపు మందం, నన్ను గుర్తుపట్టలే. ముసుగేసుకున్న ఆడామె ఎవరో తనను బెదిరిస్తుందనుకున్నది. లేసి నిలబడ్డది. "ఏందే, చెయ్యూపుతున్నవ్? నీ చెయ్యికి భయపడ్తనా? నూటయాభై!"

"నూట అరవై" అన్నడు సేటు. మొగంల నవ్వు పోయింది.

నేను అసలు గొంతుతోని ఒర్లిన, "అత్తా, నేనే!"

గుమస్తా పెన్సిలు ఆపిండు. "నేనే అంటె ఎంతమ్మా?"

మా అత్తమ్మ నన్ను చూసింది. గుర్తుపట్టింది. పట్టి కూడ తగ్గలే. "నువ్వైతేంది, నేనైతేంది, గాయనకైతె పోవద్దు. రెండు వందలు!"

ఇగ గోదామంత లేసి నిలబడ్డది. మూతి కుట్టిన మూట రెండు వందలు పలుకుతుందంటె లోపల ఏమున్నట్టు? ఒకడు పట్టుచీరలన్నడు. భూపాలపల్లి నుంచి వచ్చిన సమ్మయ్య అనే దుకాణపాయన, చూడకుంటనే "రెండు వందల యాభై" అన్నడు. సేటు చెమట తుడుచుకొని "మూడు వందలు" అన్నడు. నాకు ఇగ ఏం కనబడలే. సేటు బట్టతల ఒక్కటే కనబడ్తున్నది.

"నాలుగు వందలు!" అన్న.

సేటు నేల దిక్కు చూస్తుండు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. మూట నాది!

నా సంచిల మొత్తం నూట పది రూపాయలున్నయ్.

గుమస్తా పైసలడిగిండు. ఏం చెయ్యాలె? బిల్టీ తీసి బల్ల మీద పెట్టిన. "అన్నా, మూట పంపింది నేనే. జర మాఫ్ చెయ్యి."

గుమస్తా బిల్టీ చదివిండు, నన్ను చూసిండు, మల్ల చదివిండు. బల్ల గుద్ది గుద్ది నవ్వుతుండు. "అమ్మా, హర్రాజుల వచ్చినదాంట్ల మా తొంభై మేం పట్టుకొని, మిగిలింది మూట పంపినోళ్ళకే ఇస్తం. నువ్వు నాలుగు వందలు మాకిస్తె, మేం మూడు వందల పది నీకే వాపసియ్యాలె. ఆ తొంభై కట్టి తీస్కపో!"

చూసిండ్రా? జనగామలనే కట్టి వదిలిపెట్టాల్సిన తొంభై! దానికోసం బస్సు కిరాయి పెట్టి, ముసుగేసి, గొంతు మార్చి, అత్తతోని పోటీ పడి, గదే తొంభై కట్టిన!

సేటు లేసి "గిదేం మోసం? గిదేం లంగ పని?" అన్నడు.

మా అత్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టింది. "లంగలు మావి, లంగ పని నీది!" అన్నది. గోదాము గోదామే నవ్వింది.

నేను మూట గుంజుకుంట బయటికి వస్తుంటె సమ్మయ్య అడ్డమొచ్చిండు. "చెల్లె, నాలుగు వందల మూటల ఏమున్నదో చూడనిదే నాకు నిద్ర పట్టది. జర విప్పు." అక్కడనే సుతిలి కోసిన. ఒక లంగ తీసి కుట్లు గుంజి చూసిండు, తిప్పి చూసిండు, నాడా చూసిండు. "మాకాడ బొగ్గు బావులు వడ్డయ్. కొత్త కొత్త సంసారాలు దిగుతున్నయ్. నలభై నాకియ్యి" అన్నడు. సేటుతోని ఎనిమిదికి మాట్లాడుకున్నదాన్ని, పదికి అమ్మిన. పైసలు చేతుల పెట్టినంకనే లెక్కబెట్టి ఇచ్చిన. మిగిలిన ఇరవై మా అత్తమ్మ గోదాము మెట్ల మీదనే అమ్మింది. లొల్లి విని వచ్చిన ఆడోళ్ళు మీదపడి కొన్నరు. ఆఖరి రెండు ఎవరు కొన్నరో చెప్పనా? రాజయ్య సేటు భార్య! మొగుని ముందల్నే!

సమ్మయ్య ఇంకో రెండు వందల లంగలకు ఆర్డరిచ్చిండు. సగం పైసలు అక్కడనే చేతుల పెట్టిండు. ఇగ వీపీలు లేవు, వాపసులు లేవు. ఆ సంబురంల నాకు ఒళ్ళు తెలిసిందా? "అన్నా, నువ్వు మంచోనివి. భూపాలపల్లి దాక లారీ కిరాయి నేనే పెట్టుకుంట" అని మాటిచ్చిన!

మా అత్తమ్మ గిచ్చిన గిచ్చుడు ఇంకా కమిలి ఉన్నది, చూడుండ్రి.

లారీ కిరాయి అడిగొచ్చిన. మానుకోట కిరాయికి రెండింతలు! అందుకని ఇద్దరం ఆలోచన చేసినం. కుట్టుడు అయినంక మూటలు బస్సుల ఏసుకొని మేమే పోతం. కండక్టర్ లగేజి టికెట్ అడుగుతడు గదా అన్న. "ఆయనతోని నేను మాట్లాడ్త, నువ్వు నోరు మూసుకో" అన్నది మా అత్తమ్మ.

మూటల గురించి నాకేం ఫికర్ లేదు. పాపం, ఆ కండక్టర్ గురించే పరేషాన్ అయితున్నది.